జంక్షన్ మనుషులం

ఊటీ వెళ్దామని కోయంబత్తూరుకు తీసుకున్న రైలు టికెట్లు చివరిదాకా వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయాయి. చార్టు పడ్డాక మా ఆవిడ సర్దిన పెట్టె విప్పుతూ, "పోనీ, ఈ నాలుగు రోజులూ మన ఊరే చూద్దామా?" అంది. నాకు నవ్వొచ్చింది. "బెజవాడలో చూడ్డానికేముంది? అమ్మవారి గుడి, బీసెంట్ రోడ్డు, ఎండ" అన్నాను. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో కాపురం ఉంటున్నవాణ్ణి. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మర్నాడు ఎండెక్కకముందే మొగల్రాజపురం గుహలకు బయల్దేరాం. ఆ పేటలోంచి కొన్ని వేలసార్లు స్కూటరు మీద పోయినవాణ్ణే, గుహలకు దారి మాత్రం అడగాల్సొచ్చింది. "అదుగో, ఆ చెత్తకుండీ దాటి ఎడమపక్కకు తిరగండి" అన్నాడొకాయన. వెయ్యేళ్ళు దాటిన గుహలకు మా ఊళ్ళో చెత్తకుండీ కొండగుర్తు! ఆయన్ననేందుకేముంది? నన్నడిగితే ఆ గుర్తు కూడా చెప్పలేకపోయేవాణ్ణి. కొండ చుట్టూ ఇళ్ళు కట్టుకున్నదీ మేమే, కొండలో ఏముందో తొంగి చూడనిదీ మేమే.

ఎల్లోరా చూడ్డానికి మాత్రం రైలెక్కి పోయాం. గైడుకు డబ్బులిచ్చి, మెడ నొప్పెట్టేలా తలెత్తి చూసి, "ఆ కాలం వాళ్ళే వేరండీ" అనుకుంటూ వచ్చాం. ప్రకాశం బ్యారేజీ దాటగానే ఉండవల్లిలో కొండను నాలుగంతస్తులుగా తొలిచిన ఆలయం ఉంది. లోపల ఏకశిలలో అనంతపద్మనాభుడు పవళించి ఉన్నాడు. "పక్కనేగా, ఎప్పుడైనా చూడొచ్చు" అనుకుంటూనే ముప్పై ఏళ్ళు గడిపేశాం. పిల్లలను సెలవుల్లో హైదరాబాదు తీసుకెళ్ళి కృత్రిమ మంచు చూపించాం. ఉండవల్లికి తీసుకెళ్ళలేదు. ఇప్పుడు వాళ్ళు వేరే ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకుంటూ, "మా ఊళ్ళో పెద్దగా ఏం లేదు" అని చెప్పుకుంటుంటే వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరెక్కడిది?

బందరు రోడ్డులోని బాపు మ్యూజియం పాతపేరు విక్టోరియా జూబ్లీ మ్యూజియం. ఆ భవనానికి 1887లో శంకుస్థాపన జరిగింది. 1921లో ఏఐసీసీ సమావేశాలకు గాంధీజీ బెజవాడ వచ్చినప్పుడు పింగళి వెంకయ్య ఆయనకు జెండా నమూనా అందించిన చరిత్ర ఈ భవనంతో ముడిపడి ఉంది. ఏటా ఆగస్టు పదిహేనుకు "జెండా మనవాడిదే" అని వాట్సాప్ స్టేటస్ పెడతాం. ఆ భవనం ముందు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం తల అటు తిప్పం. లోపల అల్లూరులో దొరికిన పాలరాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ఈ సెలవుల్లో ఆయన్ను తీరిగ్గా చూసిన రోజున ఆ గదిలో మేమిద్దరమే. ఇదే ఊళ్ళో 1911లో రామమోహన గ్రంథాలయం పుట్టింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. పుస్తకం కోసం ఉద్యమం నడిపిన ఊరు మాది. ఆ గ్రంథాలయం మెట్లు నేనెక్కింది ఒక్కసారే, అదీ బయట వాన పడుతుంటే.

ఇక కాలువల సంగతి. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ ఊరి మధ్యలోంచే పోతాయి. 1850లలో ఆనకట్ట కట్టాక డెల్టాకు అన్నం పెట్టింది ఈ నీళ్ళే. ఒకప్పుడు వీటి మీద పడవల్లో ప్రయాణాలు సాగేవి. ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం బందరు కాలువ వంతెన మీద ఆగాం. ఎండాకాలం కదా, నీళ్ళు తగ్గి అడుగు బయటపడింది. బురదలో ప్లాస్టిక్ కవర్లు, గట్టిగా ముడేసినవి. ఒకటి పగిలి అందులోంచి ఎండిన బంతిపూలు, పత్రి, దీపం వత్తులు బయటికొచ్చాయి. మా ఆవిడ నావైపు చూసింది. పోయిన వినాయక చవితికి ఇదే వంతెన మీద స్కూటరాపి, ఇంజను కూడా కట్టేయకుండా, ఇనప కంచె మీదుగా అలాంటి కవరే విసిరాను. పూజ చేసిన పూలు తొక్కకూడదని నియమం పాటించాను. వాటిని తాగే నీళ్ళలో పారేయకూడదని తోచలేదు. కాలువ కంపు కొడితే అధికారులను తిట్టిన నోటికి ముడివేసిన చేతులు గుర్తుకు రాలేదు.

బెజవాడ పెద్ద రైల్వే జంక్షన్. రైలు పావుగంట ఆగుతుంది. జనం దిగి నీళ్ళ సీసా కొనుక్కుని, ఖాళీది పట్టాల మీద పారేసి మళ్ళీ ఎక్కుతారు. వాళ్ళకు ఈ ఊరితో పనిలేదు, తప్పులేదు. ఇక్కడే పుట్టి, పెరిగి, ఇళ్ళు కట్టుకుని, ఓట్లేసే మేమూ అచ్చం అలాగే బతికాం. ఉద్యోగం, కోచింగు, ఆసుపత్రి, సినిమా: ఊరితో మాకు అంతవరకే పని. ఊరి అందం మీద మాకు శ్రద్ధ లేదని తెలిశాకే కొండలు ఇళ్ళయ్యాయి, కాలువలు కుండీలయ్యాయి. పరాయివాళ్ళెవరూ వచ్చి పాడుచెయ్యలేదు.

సెలవులు ఇంకా మిగిలే ఉన్నాయి. ఎండ దిగాక మీ ఊళ్ళోకే ఒకసారి బయల్దేరండి. చేతిలో ముడేసిన కవరుంటే మాత్రం ఇంట్లో పెట్టి రండి.