భుజాల మీద పడవ

పడవ మనల్ని మోస్తుందనుకుంటాం. అమెరికాలో మిన్నెసోటా ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న బౌండరీ వాటర్స్‌లో మాత్రం మనమే పడవను మోయాలి. అడవి నిండా వెయ్యికి పైగా సరస్సులు. ఒకదాన్నుంచి ఇంకోదానికి రాళ్లూ బురదా కలిసిన కాలిబాట. దాన్ని పోర్టేజ్ అంటారు. పొడవు చెప్పేది రాడ్లలో. రాడ్ అంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కెనూ పొడవు.

వేసవి క్యాంపుల పిల్లలు ఏటా ఇక్కడికి వస్తారు. పద్నాలుగేళ్ల అమ్మాయి కెనూను బోర్లించి, దాని నడుమ ఉన్న కాడిని భుజాలకెత్తుకుంటుంది. అవును, ఎద్దుల మెడ మీది కాడే. ఇంగ్లీషులోనూ దానికి అదే పేరు. ఇక ఆమెకు కనిపించేది తన బూట్లూ, ముందున్న నాలుగడుగుల నేలా. దోమలు పడవ కిందికి దూరతాయి. రెండు చేతులూ పడవకే సరి, కొట్టుకోవడానికి లేదు.

గుంపుకు 9 మంది, 4 పడవలు. అంతకు మించితే ఒప్పుకోరు. టిన్ను డబ్బాలూ గాజు సీసాలూ తేకూడదు. 1978 చట్టంతో చాలా సరస్సుల్లో మోటార్లు ఆగిపోయాయి. అందుకే రాత్రి లూన్ పక్షి కూత అంత దూరం వినిపిస్తుంది.

ఈ సంచికను వేసవి శిబిరాలకు కేటాయించాం. సెలవులంటే కోచింగ్ అనుకునే ఇళ్లు మనవి. ఈ పేజీల్లో ర్యాంకుల ఊసు దొరకదు. తడిసిన మేజోళ్ల గోల మాత్రం మూడు వ్యాసాల్లో ఉంది. కత్తెర వెయ్యబుద్ధి కాలేదు.