లోగో చూసి మార్కులేస్తారా?

ఫోను తెరిస్తే చాలు, ఎవరో ఒకరు అరవై లక్షల కారు పక్కన నిలబడి కనిపిస్తారు. తలుపు తీసి ధబ్బున వేస్తారు. మళ్ళీ తీసి మళ్ళీ వేస్తారు. "ఆ సౌండ్ విన్నారా? జర్మన్ బిల్డ్ అంటే అదీ!" అంటారు. అంతటితో తీర్పు అయిపోతుంది. వారం తిరక్కుండా అదే మనిషి ఓ కొరియా కంపెనీ కారు ముందు నిలబడతాడు. దాని తలుపూ వేస్తాడు. "ఫీచర్లు దండిగా ఇచ్చారు గానీ, ఆ ఫీల్ రాదండీ" అని పెదవి విరుస్తాడు. ఏ ఫీల్? దేనితో కొలిచావు? ఎన్ని కిలోమీటర్లు నడిపి చెబుతున్నావు? అడిగే నాథుడు లేడు. అడిగినా జవాబు చెప్పాలన్న బాధ్యత అటువైపు ఎవరికీ లేదు.

నాది పరిగి మండలం. మా పెనుకొండ నియోజకవర్గంలోనే ఎర్రమంచి దగ్గర కొరియా వాళ్ళ కియా ఫ్యాక్టరీ ఉంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం జరిగింది. 536 ఎకరాల్లో ప్లాంటు లేచింది. 2019 డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభించారు. ఏడాదికి 3 లక్షల బండ్లు తయారు చేయగల ఫ్యాక్టరీ అది. 2023 జూలైకి అక్కడ తయారైన బండ్ల లెక్క 10 లక్షలకు చేరింది. కరువు సీమ అని పేరుపడ్డ నేల మీద, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్ళతో నడుస్తున్న ఫ్యాక్టరీ అది. భూములిచ్చిన రైతులూ, షిఫ్టు బస్సెక్కి పోయే పిల్లలూ మా చుట్టుపక్కల వాళ్ళే. అందుకని ఆ బండ్లను పొగడమని నేను అడగడం లేదు. తేడా ఉంటే మొహం మీదే చెప్పండి. కానీ కొలిచి చెప్పండి. అందరినీ ఒకే కొలబద్దతో కొలిచి చెప్పండి. నా గోడంతా అదే.

కియా స్టింగర్ అనే కారు ఒకటి ఉండేది. మన దేశంలో అమ్మలేదు గానీ, కార్ల లోకంలో పక్షపాతం గురించి మాట్లాడాలంటే దాని సంగతి చెప్పుకోక తప్పదు. 2017 జనవరిలో డెట్రాయిట్ మోటార్ షోలో దాన్ని చూపించారు. బీఎండబ్ల్యూ ఎం కార్లకు పదును పెట్టిన ఆల్బర్ట్ బియర్‌మన్ అంతకు రెండేళ్ళ ముందే ఆ కంపెనీకి వచ్చి, దాని నడకను తీర్చిదిద్దాడు. జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ ట్రాక్ మీద తిప్పి తిప్పి సరిచేశారు. 3.3 లీటర్ల ట్విన్ టర్బో వీ6 ఇంజిన్, 365 హార్స్‌పవర్, గంటకు నూరు కిలోమీటర్ల వేగానికి చేరడానికి 4.9 సెకన్లని కంపెనీ లెక్క. 2018 యూరోపియన్ కార్ ఆఫ్ ది ఇయర్ పోటీలో బీఎండబ్ల్యూ 5 సిరీస్, ఆడి ఏ8 ఉన్న చివరి ఏడు కార్ల జాబితాలో అదీ నిలిచింది. ఇంత ఉన్నా దాని చుట్టూ తిరిగిన ప్రశ్న ఒక్కటే: అంత డబ్బు పెట్టి కియా ఎవరు కొంటారు? స్టీరింగ్ ఎలా ఉంది, బ్రేకులు ఎలా పడతాయి, ఐదేళ్ళ తర్వాత పరిస్థితి ఏమిటి అనే ప్రశ్నలన్నీ ఆ ఒక్క ప్రశ్న వెనకే నిలబడాల్సి వచ్చింది. 2023లో ఆ కారు తయారీ ఆగిపోయింది. అమ్మకాలు పడిపోవడానికి వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ బండిని నడిపి చెప్పాల్సినవాడు కొనేవాడి మొహమాటాన్నే తీర్పుగా రాస్తే, ఇక ఆయన అవసరం ఏముంది? ఆ మొహమాటం పక్కింటివాళ్ళు ఎలాగూ చెబుతారు కదా!

కొలిచినవాళ్ళు లేకపోలేదు. స్టింగర్ ప్లాట్‌ఫాం మీదే, అదే 3.3 లీటర్ల ఇంజిన్‌తో వచ్చిన కొరియా కారు జెనెసిస్ జీ70కి 2019లో నార్త్ అమెరికన్ కార్ ఆఫ్ ది ఇయర్ దక్కింది. మోటార్ ట్రెండ్ పత్రిక కూడా ఆ ఏడాది కారుగా దాన్నే ఎంచుకుంది. బండిని బండిగా చూస్తే కొత్త పేరుకూ న్యాయం జరుగుతుందని అక్కడే తేలింది. మరి మిగిలినవాళ్ళకు ఏం రోగం?

ఇంకో సంగతి వింటే మీకూ మండుతుంది. 2021 మార్చిలో బీఎండబ్ల్యూ ఎం340ఐ మన దేశంలోకి వచ్చింది. 387 హార్స్‌పవర్, నూటికి 4.4 సెకన్లు. మంచి బండి, కాదనను. దాన్ని బిగించింది ఎక్కడ? మన పక్కన చెన్నైలో. తమిళ పిల్లల చేతులు. మెర్సిడెస్ కార్లు పుణె దగ్గర చాకన్‌లో బిగిస్తారు. ఆ పనివాళ్ళ పేరెత్తిన రివ్యూ ఒక్కటి చూపించండి. బండి బాగుంటే ఘనత జర్మనీకి పోతుంది. పెనుకొండలో తయారైన బండిలో ప్లాస్టిక్ కాస్త గీసుకుపోతే మాత్రం "ఇండియా క్వాలిటీ ఇంతే" అని మన నెత్తిన పడుతుంది. గొప్పంతా బ్యాడ్జీకి, మాటలన్నీ పనివాడికి! ఇది ఎక్కడి న్యాయం?

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు రండి, సరుకును చూడడం ఎలాగో తెలుస్తుంది. మా పరిగి రైతు రాత్రంతా, పురుగులు గూళ్ళు అల్లే చంద్రికల మీంచి గూళ్ళు ఏరి, తెల్లారేసరికి అక్కడ కుప్ప పోస్తాడు. గూళ్ళ నుంచి దారం తీసే రీలరు వస్తాడు. చేతినిండా గూళ్ళు తీసుకుంటాడు. వేళ్ళతో నొక్కి గట్టిదనం చూస్తాడు. చెవి దగ్గర పెట్టి ఊపుతాడు, లోపల పురుగు కదులుతుందో లేదో వింటాడు. మచ్చ గూళ్ళు ఎన్ని, జంట గూళ్ళు ఎన్ని అని వేలితో విడదీసి చూస్తాడు. ఆ తర్వాతే ధర పాడతాడు. కుప్ప పక్కన నిలబడ్డ రైతు పెద్ద కమతం వాడా, అరెకరం వాడా అని అడగడు. ఎందుకంటే రేపు దారం తెగితే నష్టపోయేది ఆయనే. కార్ల రివ్యూ రాసేవాడికి ఆ భయం లేదు. దారం తెగేది కొన్నవాడి ఇంట్లో.

ఎలా తెగుతుందో చూడండి. 2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఐదింటికీ పెద్దల రక్షణలో సున్నా స్టార్లే. ఫోక్స్‌వ్యాగన్ పోలో "జర్మన్ కోట" అని ఎంత మోత మోగిందో గుర్తుందా? దాని బాడీ నిజంగానే నిలబడింది. కానీ ఆ రకంలో ఎయిర్‌బ్యాగులు లేవు, అందుకే సున్నా. రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టిన పోలోకు నాలుగు స్టార్లు వచ్చాయి. తలుపు చప్పుడు తలకాయను కాపాడదని గుద్దించి చూస్తేనే తెలిసింది. దాన్ని గుద్దించింది లండన్‌లో ఉన్న ఒక సంస్థ. మన పత్రికలూ కాదు, మన ఛానెళ్ళూ కాదు.

మా పెనుకొండ బండి సంగతీ దాచను. 2020లో కియా సెల్టోస్‌ను అదే సంస్థ పరీక్షించింది. పెద్దలకు మూడు స్టార్లు, పిల్లలకు రెండే. బాడీ నిలకడగా లేదని చెప్పింది. ఆ ఫలితం వచ్చేనాటికే సన్‌రూఫ్ మీదా, వెంటిలేటెడ్ సీట్ల మీదా, స్క్రీను సైజు మీదా గంటలకొద్దీ వీడియోలు వచ్చేశాయి. పిల్లలు కూర్చునే వెనక సీటు గురించి ఎందరు అడిగారు? పేరును బట్టి తక్కువ చేయడం ఎంత తప్పో, ప్రకటనను బట్టి నోరు మూసుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. రెండూ ఒకే చెట్టు కాయలు. కారును చూడకుండా కంపెనీని చూడడమే ఆ చెట్టు.

దీనికి ప్రపంచమంతా కట్టిన మూల్యం డీజిల్ కుంభకోణం. ఫోక్స్‌వ్యాగన్ జెట్టా టీడీఐకి 2009 సంవత్సరపు, ఆడి ఏ3 టీడీఐకి 2010 సంవత్సరపు గ్రీన్ కార్ ఆఫ్ ది ఇయర్ అవార్డులు ఇచ్చారు. శుభ్రమైన డీజిల్ అని పత్రికలు మురిసిపోయాయి. చివరికి వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు కొలిచే సామాను కారు వెనక కట్టుకుని రోడ్డు మీద నడిపారు. పొగలో అసలు ఏముందో అప్పుడు బయటపడింది. 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించింది: నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా వస్తున్నాయని. ప్రపంచమంతటా కోటికి పైగా కార్లలో పరీక్షను మోసం చేసే సాఫ్ట్‌వేర్ ఉందని తేలింది. ఆ అవార్డులు తర్వాత వెనక్కి పోయాయి. మన దేశంలో 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ కంపెనీకి 500 కోట్ల జరిమానా వేసింది. అన్నేళ్ళు ఆ బండ్లు నడిపి మార్కులు వేసినవాళ్ళ దగ్గర స్టాప్‌వాచీలు ఉన్నాయి, కెమెరాలు ఉన్నాయి. లేనిది అనుమానమే. బ్యాడ్జీ మీద భక్తి ఉన్నచోట అనుమానం ఎక్కడ పుడుతుంది?

అసలు వేరు డబ్బులో ఉంది. కొత్త కారు వస్తే కంపెనీ విమానం టికెట్టు ఇస్తుంది, ఫైవ్‌స్టార్ హోటలు ఇస్తుంది, తాను ఎంచి సిద్ధం చేసిన బండి ఇస్తుంది, తాను గీసిన దారిలో నడపమంటుంది. రివ్యూ బయటపెట్టే రోజూ గంటా కూడా తానే చెబుతుంది. గట్టిగా రాస్తే మరుసటి కారుకు పిలుపు రాదన్న భయం. 2005లో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో డాన్ నీల్ అనే ఆయన పాంటియాక్ జీ6 మీద ఘాటుగా రాశాడు. కార్ల మీద రాతలకే అంతకు ముందు ఏడాది పులిట్జర్ అందుకున్న మనిషి. జనరల్ మోటార్స్ ఆ పత్రికకు ప్రకటనలు ఆపేసింది. నెలల తర్వాత గానీ మళ్ళీ ఇవ్వలేదు. అంతటివాడికే ఆ గతి పడితే, ఫోను పట్టుకుని ఒంటరిగా నడిపే కుర్రాడు ఎంతకని నిలబడతాడు? ఆ కుర్రాడి మీద నాకు జాలి ఉంది. కానీ దాచి చెప్పిన అబద్ధాన్ని ఆ జాలి మాఫీ చేయదు.

మన దగ్గర నిబంధనలు లేవా? ఉన్నాయి. డబ్బో, బహుమతో, ప్రయాణమో పుచ్చుకుని ఒక వస్తువు గురించి చెబితే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే చెప్పింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా మార్గదర్శకాలు తెచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా అని చట్టమే ఉంది. పాటించేదెవరు? పట్టించుకునేదెవరు? వీడియో చివర ఎక్కడో చీమంత అక్షరాల్లో ఓ ముక్క. చూసేవాడికి కనబడకూడదనే అంత చిన్నగా వేస్తారు.

నష్టమెవరికి? ఊళ్ళో ఓ ఎకరా అమ్మో, ఏడేళ్ళ ఈఎంఐకి సంతకం పెట్టో కారు కొనేవాడికి. హైవే పక్కన నివసించే మాకు. మా పెనుకొండ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిలో ట్రాక్టర్లు అడ్డం వస్తాయి, గొర్రెల మందలు దాటుతాయి, షిఫ్టు దిగినవాళ్ళు బైకు మీద చీకట్లో ఇళ్ళకు పోతారు. నాలుగు వరుసల రోడ్డులో కారు వేగ పరిమితి నూరు. ఆ నూటిని నాలుగు సెకన్లలో అందుకోవడమే గొప్పని నూరిపోస్తున్నారు. తడి రోడ్డు మీద ఆ నూటి నుంచి ఆగడానికి ఎన్ని మీటర్లు పడుతుందో ఒక్కరూ చెప్పరు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ లెక్క తెలిసీ, తలుపు చప్పుడు గురించి పది నిమిషాలు మాట్లాడగలిగారంటే వాళ్ళ మనసు ఎంత మొద్దుబారిందో చూడండి.

రివ్యూ రాసేవాళ్ళకు ఒకటే మాట. బండి ఎవరిచ్చారో, ప్రయాణ ఖర్చు ఎవరు పెట్టారో, ఆ కంపెనీ ప్రకటన మీ దగ్గర ఉందో లేదో మొదటి నిమిషంలోనే గట్టిగా చెప్పండి. బ్రేకు దూరం, క్రాష్ టెస్టు ఫలితం, సర్వీసు ఖర్చు, మీరు నడిపిన కిలోమీటర్లు చెప్పండి. అరవై లక్షల బీఎండబ్ల్యూకైనా, పదిహేను లక్షల సెల్టోస్‌కైనా అవే ప్రశ్నలు వేయండి. అన్నలారా, అక్కలారా, మీకూ ఒక మాట. ఈ లెక్కలు చెప్పనివాడి వీడియోను సగంలోనే ఆపేయండి, ఎందుకు ఆపారో వాడికి రాసి పంపండి. మనం ఊరుకున్నన్నాళ్ళూ వాళ్ళు లోగో చూసే మార్కులు వేస్తారు. ఇక ఊరుకోవద్దు.