నోటీసు తీసేయండి, లిఫ్టు తెరవండి

మన అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఓనర్లకూ, అద్దెకున్నవారికీ

మంగళవారం పొద్దున సర్వీస్ లిఫ్టు ఆగిపోయింది. పదకొండో అంతస్తులో పనిచేసే ఆమె మెయిన్ లిఫ్టు దగ్గరికి వెళ్తే గార్డు మెట్లు చూపించాడు. ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయి రెండు నెలలు కూడా కాలేదు. "ఈ ఒక్కసారికి పోనీ అన్నా" అని బతిమాలింది. "నా జీతంల కోస్తరక్కా" అన్నాడతను. ఏడో అంతస్తు మలుపులో కళ్లు తిరిగి పడింది. ఎడమ మోచెయ్యి విరిగింది. ఆ సమయానికి రెండు మెయిన్ లిఫ్టులూ కింద ఖాళీగా ఉన్నాయి.

గార్డుని తిట్టి లాభం లేదు. అతను మన నోటీసు చెప్పినట్టే చేశాడు. ఆ రోజు వాట్సాప్ గ్రూపులో వచ్చిన మొదటి మెసేజి అందరూ చూశారు: "రెండు వారాలకి బదులు మనిషి ఎవరైనా దొరుకుతారా?" రెండోది సర్వీస్ లిఫ్టు ఎప్పటికి బాగవుతుందని. ఆమె ఏ ఆస్పత్రిలో ఉందో, ఖర్చు ఎవరు పెడుతున్నారో అడిగే మెసేజి సాయంత్రం దాకా రాలేదు. అందుకే ఈ కరపత్రం.

నోటీసులో ఏముందో మళ్లీ చదవండి. "పనివాళ్లు, డ్రైవర్లు, డెలివరీ బాయ్స్ సర్వీస్ లిఫ్టు మాత్రమే వాడవలెను. మెయిన్ లిఫ్టులో కనబడినచో రూ. 500 జరిమానా." దాన్ని లామినేషన్ చేయించి, నాలుగు మూలలా టేపు వేసి, ప్రతి అంతస్తులోనూ అంటించారు. సెల్లార్‌లో నీళ్లు కారుతున్నాయని ఎన్నిసార్లు రాసిచ్చినా కదలని కమిటీ ఈ పనికి మాత్రం ఒక్క రోజు కూడా తీసుకోలేదు.

ఒక్కో బ్లాకుకి మూడు లిఫ్టులు. రెండు మనకి, ఒకటి వాళ్లకి. వాళ్లకిచ్చిన ఆ ఒక్కదాంట్లోనే చెత్త డ్రమ్ములు దిగుతాయి, నీళ్ల క్యాన్లు ఎక్కుతాయి, ఎవరింట్లో ఇంటీరియర్ పని జరుగుతున్నా ప్లైవుడ్, సిమెంటు బస్తాలు వెళ్తాయి. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా దాని ముందు నిలబడ్డ వరస ఎప్పుడైనా చూశారా? ఒకామె ఆ రెండు గంటల్లోనే మూడు ఇళ్లు ముగించాలి. ఐదో అంతస్తులో అంట్లు, తొమ్మిదిలో చపాతీలు, పక్క బ్లాకులో ఇల్లు తుడవడం. ప్రతి ఇంటికీ మధ్య లిఫ్టు కోసం నిలబడ్డ సమయాన్ని ఎవరూ లెక్కగట్టరు. ఆలస్యమైతే మాత్రం మూడిళ్లలోనూ మాటలు పడేది ఆమే. "టైముకి రాకపోతే మానేయ్" అంటాం. టైముకి రానివ్వనిది మనమే.

ఈ నియమానికి మినహాయింపులు కూడా ఉన్నాయి. అవి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పనామె చంకలో మన పాప ఉంటే మెయిన్ లిఫ్టు ఎక్కొచ్చు. పాపని పార్కులో అమ్మమ్మకి అప్పజెప్పి ఒంటరిగా తిరిగొస్తే ఎక్కకూడదు. పెద్దావిడని వీల్‌చైర్‌లో తోసుకెళ్తే ఎక్కొచ్చు, ఆవిడని ఫిజియోథెరపీలో దించి మందులకని పైకి రావాలంటే ఎక్కకూడదు. అదే మనిషి, అదే చీర, అవే చేతులు. మరి మధ్యలో వచ్చిన మురికి ఎక్కడిది?

ఇంటి కుక్కలకైతే ఏ అడ్డూ లేదు. పెంపుడు జంతువుల్ని లిఫ్టులోకి రానివ్వం అనడం కుదరదని జంతు సంక్షేమ మండలి 2015లోనే నివాస సంఘాలకు మార్గదర్శకాలిచ్చింది. కుక్కల మీద మాకు కోపం లేదు, మాలో కొందరి ఇళ్లలో ఉన్నాయి కూడా. కానీ కుక్కని మెయిన్ లిఫ్టులో తీసుకెళ్లే హక్కు మనకుందని గ్రూపులో ఆ కాగితం పెట్టి పోట్లాడినవాళ్లే ఈ నోటీసుకి బొటనవేలు ఎత్తి చూపించారు. కుక్కకి ఉన్న హక్కు మనిషికి లేదా అని అడగడానికే సిగ్గుగా ఉంది. అడగాల్సి వచ్చింది.

ఇక అభ్యంతరాలు. సెక్యూరిటీ అంటారా? గేటు దగ్గర పనామె ఫోటో తీసి, ఆధార్ తీసుకుని, వేలిముద్ర వేయించుకుని, వెళ్లేటప్పుడు బ్యాగు వెతికి పంపిస్తున్నాం. పైగా అపార్ట్‌మెంట్ యాప్‌లో ఆమెకి చుక్కలు కూడా ఇస్తున్నాం, నాలుగా, నాలుగున్నరా అని. ఇంటి తాళంచెవి ఆమె చేతికిచ్చి ఆఫీసుకి పోయేవాళ్లకి లిఫ్టులో ఆమె పక్కన నిలబడితే భయమా? శుభ్రత అంటారా? అపార్ట్‌మెంట్‌లో శుభ్రంగా ఉన్న ప్రతి అంగుళమూ ఆమె శుభ్రం చేసిందే. రద్దీ అంటారా? మూడు లిఫ్టుల్లో అందరూ ఎక్కితే రద్దీ తగ్గుతుంది, పెరగదు. "మా ఆస్తి, మా ఇష్టం" అనే వాదనకి జవాబు కింద ఉంది.

ఇక్కడి నుంచి మొహమాటం వదిలేసి చెప్తున్నాం.

ఇది అంటరానితనం. నోటీసులో కులం పేరు రాయలేదంటున్నారు. రాయక్కర్లేదు, పని పేరు రాస్తే చాలు. మన ఊళ్లలో కులాన్ని గుర్తుపట్టింది పనితోనే కదా. మన అంట్లు తోమేవాళ్లు, చెత్త ఎత్తేవాళ్లు ఎవరు? పాలమూరు పల్లెల నుంచీ, శ్రీకాకుళం నుంచీ వలసొచ్చి పక్క బస్తీల్లో ఒక్క గది అద్దెకి తీసుకున్నవాళ్లు. వాళ్లు ఏ కులాల నుంచి వచ్చారో తెలియదని మనలో ఎవరూ ఒట్టు పెట్టి చెప్పలేరు. పనిలో పెట్టుకునేటప్పుడు "మీరేమిటోళ్లు?" అని వంటింటి గుమ్మంలోనే ఆరా తీసే ఇళ్లు మన బ్లాకుల్లోనే ఉన్నాయి.

మన తాతల కాలంలో ఊరి బావికి రెండు వైపులుండేవి, లేదంటే రెండు బావులుండేవి. టీ హోటల్లో రెండు గ్లాసులుండేవి, ఒకటి బల్ల మీద, ఇంకోటి బయట చూరు కింద. నిజాం రాజ్యంలో దొరల గడీల్లో ఊరి జనం చేత కూలి లేకుండా వెట్టి చేయించుకునేవాళ్లు. దొర తన బిడ్డకి పెళ్లి చేస్తే సామాన్లతో పాటు ఒక దాసీని కూడా అరణంగా పంపేవాడు. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' సినిమా ఆ బతుకునే చూపించింది. అవార్డులొస్తే మురిసిపోయాం. గడీలు కూలాయి. గడీలో ముందు తలుపూ వెనక తలుపూ ఉన్నట్టు, మన టవర్లలో మెయిన్ లిఫ్టూ సర్వీస్ లిఫ్టూ వచ్చాయి.

ఈ నగరం భాగ్యరెడ్డి వర్మ పుట్టిన ఊరు. 1906లో ఇక్కడ జగన్మిత్ర మండలి పెట్టి, అంటరానివాళ్లన్న పిల్లలకి బడులు నడిపిన మనిషి ఆయన. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, పంచములన్న పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అనిపించారు. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నారు. ఆ చెరువు అందరిదేనని అక్కడి పురపాలక సంఘం అంతకుముందే తీర్మానం చేసింది. కాగితం మీద అందరిది, గట్టు మీద కొందరిది. 1985 జూలైలో మన కారంచేడులో గొడవ మొదలైందీ దళితవాడ మంచినీళ్ల చెరువు దగ్గరే. ఆరుగురు దళితుల ప్రాణాలు పోయాయి. మన లిఫ్టుకీ దానికీ పోలికా అని కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి. ఎవరు ఎక్కడ నిలబడాలో, దేన్ని ముట్టకూడదో పక్కవాడు నిర్ణయించడమే అక్కడా ఇక్కడా జరిగింది.

"మా ఆస్తి" అన్నవాళ్లకి జవాబు ఇదే. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, ఏ రూపంలో పాటించినా నేరమంది. అది ప్రభుత్వానికే కాదు, మనలాంటి ప్రైవేటు వ్యక్తులకీ వర్తిస్తుంది. దానికోసం 1955లోనే చట్టం చేశారు. సొంత ఆస్తిలో చేసినా తప్పు తప్పే.

లిఫ్టు దగ్గరే ఇంత చెప్పాం కాబట్టి మిగతావి క్లుప్తంగా. రోజంతా ఇక్కడే పనిచేసే ఆడవాళ్లకి సెల్లార్‌లో ఒక్క టాయిలెట్ ఉంది. దానికి తాళం, తాళంచెవి డ్రైవర్ల గదిలో. వీళ్లు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు తాగరు. తాగితే ఎక్కడికి పోవాలి? ఏ ఇంట్లో మూడు బాత్రూంలు కడుగుతారో ఆ ఇంట్లో ఒక్కదాంట్లోకీ రానివ్వరు. సింకు కింద ఫినాయిల్ సీసా పక్కన బోర్లించిన స్టీలు గ్లాసు ఎవరిదో మీకు తెలుసు, మాకు తెలుసు. చాలా ఇళ్లలో అది ఉంది.

జీతాల సంగతి. ఇంటిపనికి కనీస వేతనం నిర్ణయిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లోనే ఉత్తర్వులిచ్చింది. ఎంత ఇవ్వాలో ఎవరం చూశాం? "పక్క ఫ్లాటువాళ్లు ఎంతిస్తున్నారు" అన్నదే మన లెక్క. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం 189వ ఒడంబడిక తెస్తే మన దేశం అనుకూలంగా ఓటేసింది, ఆమోదముద్ర మాత్రం వేయలేదు. అందులో ఒక ముఖ్యమైన మాట, వారానికి వరసగా కనీసం 24 గంటల విశ్రాంతి. మనకి శని, ఆదివారాలు సెలవు. ఆమెకి పండగ రోజు పని రెట్టింపు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్లకి ప్రత్యేక చట్టం సంగతి చూడమని కేంద్రానికి చెప్పింది. ఢిల్లీలో చట్టం వచ్చేదాకా మన గేటు లోపల మనిషిని మనిషిగా చూడకూడదని ఎవరూ అడ్డుకోలేదు.

ఆదివారం జనరల్ బాడీలో మేం అడగబోయేవి ఇవి:

1. నోటీసు తీసేయాలి, జరిమానా రద్దు చేయాలి. మనుషులందరికీ అన్ని లిఫ్టులూ. సర్వీస్ లిఫ్టు సామాన్లకీ, చెత్తకీ.

2. ప్రతి బ్లాకు కింద ఆడవాళ్లకి తాళం లేని టాయిలెట్, తాగే నీళ్లు, కూర్చుని తినడానికి ఒక గది. క్లబ్‌హౌస్‌లో వాడకుండా పడున్న కార్డ్స్ రూం దీనికి సరిపోతుంది.

3. యాప్‌లో చుక్కలివ్వడం ఆపాలి. వెళ్లేటప్పుడు బ్యాగు వెతకడం ఆపాలి.

4. నెలకి నాలుగు రోజుల సెలవు, జీతం కోయకుండా. కనీస వేతనానికి తగ్గకూడదని అసోసియేషన్ తీర్మానం.

5. మంగళవారం పడిపోయిన ఆమె ఆస్పత్రి ఖర్చూ, కోలుకునేదాకా జీతమూ మెయింటెనెన్స్ నిధి నుంచి. ఆమెని మెట్లెక్కించింది మన నియమం, బిల్లు కూడా మనదే.

ఇందులో ఏదీ ఖరీదైనది కాదు. దీపావళికి లైటింగ్‌కి మనం పెట్టే ఖర్చు ఎంతో అకౌంట్లు చూసినవాళ్లకి తెలుసు.

అద్దెకున్నవాళ్లకి ఓటు లేదంటున్నారు. ఓటు లేకపోయినా నోరుంది, వచ్చి మాట్లాడండి. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న ఓనర్లకి ఒక మాట. అక్కడ మీ బాత్రూం మీరే కడుక్కుంటారు, మీ ఆఫీసులో ఊడ్చే మనిషితో కలిసే లిఫ్టు ఎక్కుతారు. ఇక్కడ మీ ఫ్లాటు పేరు మీద నడుస్తున్న ఈ నియమానికి మీరు ఒప్పుకుంటున్నారా? ఒప్పుకోకపోతే శనివారం రాత్రిలోగా ప్రాక్సీ లెటర్ పంపండి.

ఆదివారం పొద్దున పది గంటలకి క్లబ్‌హౌస్‌కి రండి. ఇంట్లో పనిచేసేవాళ్లని కూడా అడిగి, వాళ్లకి ఇష్టమైతే వెంట తీసుకురండి. వాళ్ల గురించి మాట్లాడే సభలో వాళ్లు బయట నిలబడకూడదు. చేతులెత్తి ఓటేద్దాం, ఎవరెవరు ఎత్తలేదో మినిట్స్‌లో రాయిద్దాం.

కమిటీ తీర్మానం పెట్టకపోతే సోమవారం నుంచి మా ఇళ్లలో పనిచేసేవాళ్లతో కలిసి మేం మెయిన్ లిఫ్టులోనే ఎక్కుతాం. ఆపితే గార్డుతో గొడవ పడం, కమిటీని పిలుస్తాం. జరిమానా రసీదులు మా ఫ్లాటు నంబర్ల మీద రాసుకోండి. కట్టం.

— ఇదే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న కొందరం