మెరిటంటే 33 పరుగులా?

రిజర్వేషన్ మాట ఎత్తితే చాలు, మన చీపురుపల్లి టీబడ్డీల కాడ కూడా "మెరిట్ చచ్చిపోతోంది బావూ" అని ఏడ్చేవాళ్ళు తయారు. వాళ్ళని మేం ఒక లెక్క అడుగుతాం. ఎక్కడిదో కాదు, మన పక్కనున్న విజయనగరం కోట తాలూకు లెక్కే.

1936 వేసవిలో ఇండియా క్రికెట్ జట్టు ఇంగ్లండు వెళ్ళింది. కెప్టెన్ ఎవరు? పూసపాటి విజయానంద గజపతిరాజు. లోకం ‘విజ్జీ’ అంటుంది. 1905లో పుట్టిన రాజావారి రెండో కొడుకు. అదే జట్టులో సి.కె. నాయుడున్నాడు. 1932లో లార్డ్స్‌లో ఇండియా ఆడిన మొట్టమొదటి టెస్టుకి కెప్టెన్ ఆయనే. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఆయనా పేదవాడేం కాదు, మన పేటవాడూ కాదు. కానీ ఆట తెలిసినవాడు. అయినా బోర్డు పెద్దలు విజ్జీనే ఎన్నుకున్నారు. ఏం చూసి? కోట చూసి, కాసులు చూసి.

దొరవారు 36 సామాన్లతో, ఇద్దరు నౌకర్లతో ఓడెక్కారని చెప్తారు. మూడు టెస్టుల్లో ఆరుసార్లు బ్యాటు పట్టి మొత్తం 33 పరుగులు చేశారు. సగటు 8.25. ఇదీ మెరిట్!

పోనీ, ఆడేవాళ్ళనైనా ఆడనిచ్చారా? లాలా అమర్‌నాథ్ మంచి ఊపు మీదున్నాడు. ఒక మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నవాణ్ణి పిలవకుండా మిగతావాళ్ళని ముందు పంపిస్తుంటే మండిపోయి నాలుగు మాటలన్నాడు. క్రమశిక్షణ లేదని మొదటి టెస్టుకి ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. లార్డ్స్‌లో మన అమర్‌సింగ్ 35 పరుగులకి 6 వికెట్లు తీసి ఇంగ్లండుని 134కే కూల్చాడు. అంతటి బౌలింగు ఉండి కూడా రెండో ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు 93కే చాప చుట్టేశారు. 9 వికెట్ల తేడాతో ఓటమి. ఆరోజు అమర్‌నాథ్ ఎక్కడున్నాడో మీకే తెలుసు.

మాంచెస్టర్‌లో మర్చంట్, ముష్తాక్ అలీ కలిసి 203 పరుగులు జోడించారు. ఆ మర్చంట్‌ని రనౌట్ చేసిరమ్మని కెప్టెనే తనకి చెప్పాడని ముష్తాక్ అలీ తరవాత చెప్పుకున్నాడు. సొంత జట్టు వాణ్ణే! ఆ టెస్టు డ్రా అయింది. ఓవల్‌లో మళ్ళీ 9 వికెట్లతోనే ఓడారు. ఆ సంవత్సరమే తెల్లదొరలు విజ్జీకి ‘సర్’ బిరుదిచ్చారు. 1937లో బ్యూమాంట్ కమిటీ విచారించి, ఈయనకి ఫీల్డర్లని నిలబెట్టడం గానీ బౌలర్లని మార్చడం గానీ తెలియదని తేల్చింది. అమర్‌నాథ్ తప్పు లేదంది. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది కదా.

"ఆయన క్రికెట్‌కి ఎంత ఖర్చు పెట్టాడో తెలుసా?" అంటారు కొందరు. తెలుసు. కాశీలో మైదానం కట్టాడు, 1930-31లో ఇంగ్లండు నుంచి హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ రప్పించాడు. ఆ డబ్బు ఏ మడిలో పండింది? జమీందారీ ఊళ్ళలో శిస్తు కట్టిందెవరు, కంబార్లై వెట్టి చేసిందెవరు? మా తాతలని అడగండి.

ఇక మనవాడి సంగతి వినండి. అప్పటికి పాతికేళ్ళ ముందు, 1911లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకి పటియాలా మహారాజు కెప్టెన్. వయసు ఇరవై నిండలేదు. ఆ జట్టులో పాల్వంకర్ బాలూ, చమార్ కులస్తుడు, వందకు పైగా వికెట్లు తీశాడు. ఈ బాలూ పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో నెలకి నాలుగు రూపాయలకి పిచ్ చదును చేసి, నెట్స్‌లో దొరలకి బంతులేసి నేర్చుకున్నవాడు. తర్వాత హిందూ జట్టులోకి తీసుకున్నారు. బంతి వేయమన్నారు గానీ, టీ మాత్రం పెవిలియన్ బయట, విడిగా మట్టి ముంతలో పోశారు. అతను పట్టిన బంతి అంటుకోలేదు, తాగిన ముంత అంటుకుంది!

హిందూ జట్టుకి అన్ని వికెట్లు తీసిపెట్టిన బాలూని ఏనాడూ కెప్టెన్ చెయ్యలేదు. 1920లో కులం చూసి ఇంకొకరికి కెప్టెన్సీ ఇస్తే తమ్ముళ్ళు విఠల్, శివరాం "మేం ఆడం" అని బయటికొచ్చేశారు. పత్రికల్లో రచ్చయింది. 1923లో విఠల్ కెప్టెనయ్యాడు. ఎవరూ దయతలిచి ఇవ్వలేదు. బాలూ తర్వాత 1937 ఎన్నికల్లో బాబాసాహెబ్ మీదే పోటీ చేసి ఓడిపోయాడు. ఆ సంగతి మేం దాచం, మెచ్చం. కానీ ఆటలో అతనికి జరిగింది అన్యాయమే.

మా వైపు ఊళ్ళలో సంక్రాంతి పోటీలు చూస్తూనే ఉన్నాం. బంతి మా పేట గుంటలది, బ్యాటు పెద్దింటి గుంటడిది. బ్యాటు ఎవుడిదైతే కెప్టెన్ ఆడే. మొన్న పండక్కి మా గుంటడొకడు నాలుగు వికెట్లు తీస్తే, కప్పు తీసుకోడానికి మాత్రం వేరేవాడు ముందుకెళ్ళాడు. రాత్రి పేటలో కూర్చుని గుంటలే ఒక మాట అనుకున్నారు. ఇంటికి ఇరవై రూపాయలు ఎత్తి సొంతంగా కిట్టు కొంటారట. కెప్టెన్ని మాత్రం చేతులెత్తి ఎన్నుకుంటారట. చందా పుస్తకం మా దగ్గరే ఉంది. ఇప్పటికి పదకొండిళ్ళు రాశాయి.