చీపురు మిగిలింది, రోస్టర్ పోయింది (ప్రపంచీకరణ - 6వ భాగం)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు రాసిండు: "మార్కెట్‌కు కులం కనపడదన్నా, ప్రపంచీకరణే మనకు విముక్తి." హైటెక్ సిటీలో ఉద్యోగం. తమ్ముడూ, నీ మీద కోపం లేదు. మీ ఆఫీసు బాత్రూములు కడిగేటోళ్లు ఏ వాడ నుంచి వస్తరో ఎప్పుడన్నా అడిగినవా?

1991 అంటే పీవీ, మన్మోహన్, తెరిచిన తలుపులు అని చెప్తరు. మన వాడకు అది కాంట్రాక్టర్ రూపంలో వచ్చింది. ఐఎంఎఫ్ అప్పు ఇస్తూ లోటు తగ్గించుకోమన్నది. ఆఫీసుల్లో దాని అర్థం, కింది పోస్టు ఖాళీ అయితే నింపకపోవుడు.

మా పెద్దమ్మ ఒక సర్కారు ఆఫీసులో పర్మినెంట్ స్వీపర్. చిన్నచూపు చూసిండ్రు, నిజమే. కానీ ఒకటో తారీఖు జీతం, సెలవు, పెన్షన్ ఉండేవి. ఆ జీతంతోనే నన్ను చదివించింది. ఆమె రిటైరైనంక అదే వరండా మా వదిన ఊడుస్తున్నది. జీతం ఏజెన్సీ ఇస్తది, ఇచ్చినప్పుడు. చీపురు అత్త నుంచి కోడలికి వచ్చింది, పెన్షన్ రాలేదు.

ఇది దానంతట అది జరగలేదు. కేంద్రం పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చే, తుడిచే, కాపలా కాసే పనులకు కాంట్రాక్ట్ కూలీలను పెట్టొద్దని 1976 డిసెంబర్ 9న నోటిఫికేషన్ ఉండె. కాంట్రాక్ట్ రద్దైతే ఆ కార్మికులను సంస్థే తీసుకోవాలని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదేండ్లు నిండకముందే, 2001 ఆగస్టు 30న, సెయిల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తిరగేసింది. 1976 నోటిఫికేషన్‌ను కూడా కొట్టేసింది. ఊడ్చేటోళ్లు ఎవరో ఆ కోర్టులో ఎవరికి తెల్వదు?

16(4) సర్కారు కొలువుకే. కొలువు కాంట్రాక్టర్ చేతికి పోతే రోస్టర్ గడప దగ్గరే ఆగిపోతది. రిజర్వేషన్ రద్దు చేసే ధైర్యం ఎవరికీ లేదు, అది వర్తించే పోస్టునే మాయం చేసిండ్రు. 2021 జనవరిలో విశాఖ ఉక్కును పూర్తిగా అమ్మాలని కేంద్రం నిర్ణయిస్తే అందరూ 32 మంది ప్రాణత్యాగం గుర్తుచేసుకున్నరు. చేసుకోవాల్సిందే. అమ్మితే రోస్టర్ ఏమైతదని ఎన్ని జెండాలు అడిగినయి?

2005లో డిక్కీ పెట్టిన మిలింద్ కాంబ్లే దళితులు పెట్టుబడిదారులు కావాలంటరు. కండి, సంతోషమే. మీ ఫ్యాక్టరీల ఊడ్చేటోళ్లను పర్మినెంట్ చేయండి, ఆడ మొదలుపెడదాం.

వదినకు రెండు నెలల జీతం బాకీ ఉన్నది. ఆఫీసర్ను అడిగితే ఏజెన్సీ దగ్గరికి పొమ్మంటడు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే బిల్లు ఆఫీసులో ఆగిందంటది.

(ఇంకా ఉంది)