చివరి సీటు దాకా

పగలు పని, సాయంత్రం చదువు, రెండూ కుదురుతాయా అని మొన్న ఉగాది సంబరాల్లో మన సంఘం కుర్రవాడొకడు నన్నడిగాడు. కుదురుతాయన్నాను. ఎలా కుదిరాయో నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకని ఈసారి ఈ శీర్షికలో రాస్తున్నాను.

2001లో బెంగళూరులో నేను బడి బస్సు డ్రైవర్ని. కాలేజీ కుర్రాడికి బస్సెవరిచ్చారని ఆశ్చర్యపోకండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 20 ఏళ్ళు నిండందే బస్సు, లారీ నడిపే లైసెన్సు ఇవ్వరు. నాకప్పటికి 26. పి.యు.సి.తో చదువాపి, మామయ్య లారీ మీద మొదట క్లీనరుగా, తరువాత డ్రైవరుగా తిరిగినవాణ్ణి. ఆ ఏడే సాయంకాలం కాలేజీలో బి.కాం.లో చేరాను. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం బెంగళూరులో ఇలాంటి కాలేజీలు ఎప్పటినుంచో ఉన్నాయి. క్లాసులు ఆరింటికి మొదలయ్యేవి.

నిజానికి చదువుకునేవాడికి బడి బస్సు మంచి పనే. తెల్లవారి అయిదున్నరకు షెడ్డు చేరి, నీళ్ళు, ఆయిలు, టైర్లు చూసుకుని, ఇంజను వేసి, బ్రేకులకు గాలి నిండేదాకా ఆగాలి. ఎనిమిదింబావుకు పిల్లల్ని బడి దగ్గర దించితే మళ్ళీ మూడింటిదాకా బండి కదలదు. తక్కిన డ్రైవర్లు చెట్టుకింద కునుకు తీస్తుంటే నేను బస్సులో కూర్చుని లెక్కలు చేసుకునేవాణ్ణి. అయిదింటికి బండి షెడ్డులో పెట్టి సిటీ బస్సెక్కితే కాలేజీ.

మా దారిలో ఒక పెద్దాయన ఉండేవారు. మూడు తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగువారు. డ్రైవరు మనవాడేనని తెలిశాకే యు.కె.జి. చదివే మనవరాలిని బస్సులో పంపడం మొదలుపెట్టారు. రోజూ స్టాపులో ఆయనే నిలబడి పాపను దింపుకునేవారు.

2003 ఫిబ్రవరిలో ఒకరోజు సాయంత్రం ఆరింటికి నాకు కాస్టు అకౌంటింగు ప్రిపరేటరీ పరీక్ష. ఆ రోజే మా బస్సు ఆయా జ్వరమొచ్చి రాలేదు. పెద్దాయన స్టాపులో కనబడలేదు. పాపా దిగలేదు. ఈ రోజు బడికి రాలేదు కాబోలు అనుకుని ముందుకు పోనిచ్చాను. పొద్దున ఆ స్టాపులో ఎక్కించుకున్నది నేనే. అది గుర్తు చేసుకునే తీరిక కూడా నా బుర్రకు లేదు.

బండి షెడ్డులో పెట్టి, తలుపేసి, తాళంచెవి వాచ్‌మన్‌కిచ్చి రోడ్డెక్కాను. సిటీ బస్సు వస్తుండగా కాలిక్యులేటరు స్టీరింగు పక్కనే మరిచానని గుర్తొచ్చింది. తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళాను. తలుపు తీసి దాన్ని అందుకుంటుంటే వెనకనుంచి చిన్న దగ్గు వినబడింది.

చివరి సీట్లో, సంచీ తలకింద పెట్టుకుని పాప అప్పుడే కళ్ళు తెరుస్తోంది. "తాత ఒచ్చెనా అన్నా?" అంది.

నా కాళ్ళు వణికాయి. మర్నాడు అయిదున్నరదాకా ఆ తలుపు తీసేవాళ్ళు లేరు.

ఆటోలో పాపను ఇంటికి తీసుకెళ్ళాను. పెద్దాయన వీధి మొగలోనే ఉన్నారు. బ్యాంకులో ఆలస్యమై స్టాపుకు అయిదు నిమిషాలు వెనక వచ్చారట. అప్పటినుంచీ బడికి ఫోన్లు చేయిస్తూ, ఇంటికీ స్టాపుకూ మధ్య తిరుగుతున్నారు. జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన కేకలేస్తే బాగుండేది. పాపను ఎత్తుకుని, "బిడ్డను మేము బస్సుకి కాదప్పా, నీకు అప్పజెప్తా ఉండాము" అని లోపలికి వెళ్ళిపోయారు.

పరీక్ష పోయింది. మర్నాడు మేనేజరుకు నేనే చెప్పాను. గట్టిగా హెచ్చరించి ఉద్యోగం ఉంచారు. పాప మాత్రం వారం రోజులు బస్సెక్కలేదు. ఎనిమిదోరోజు పెద్దాయనే తీసుకొచ్చి ఎక్కించారు. ఏమీ అనలేదు. ఆనాటినుంచి ఉద్యోగం వదిలేదాకా, ఆయా ఉన్నా లేకున్నా, ప్రతి ట్రిప్పు తరువాత చివరి సీటు దాకా నడిచి, సీట్ల కింద కూడా చూసి మరీ దిగేవాణ్ణి. దానికి పట్టేది ఒక్క నిమిషం. 2004లో బి.కాం. కూడా పూర్తయింది.

ఆ కుర్రవాడికి నా జవాబిదే. రెండూ కుదురుతాయి నాయనా. అయితే చదువులో పోయిన పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చు. మనుషుల ప్రాణాలు చేతిలో ఉన్న పనికి ఆ వెసులుబాటు లేదు. అలసట, తొందర ఏ రోజు ఎక్కువగా ఉంటే ఆ రోజే రెండుసార్లు చూసుకో.

తల్లిదండ్రులకూ ఒక మాట. బడి బస్సుల భద్రత గురించి 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో పిల్లలను చూసుకునే మనిషి బస్సులో ఉండాలన్నది ఒకటి. మీ పిల్లల బస్సులో ఆ మనిషి ఉన్నారా? రాని రోజున ఎవరు చూస్తున్నారు? డ్రైవరు మనవాడే కదా అని ఊరుకోకుండా అడగండి. నేనూ మనవాణ్ణే.