శిశు స్నానం – శాస్త్ర పరిశీలన

మన భిలాయి సెక్టార్లలో ఒకే వరుసలోని క్వార్టర్లలోనే శిశువులకు పలు విధాలుగా స్నానం జరుగుతుంది. తెలుగింట అమ్మమ్మ పీటపై కూర్చొని, చాపిన కాళ్ళపై బిడ్డను పడుకోబెట్టి, నూనె మర్దించి, సున్నిపిండితో నలిచి, సాంబ్రాణి ధూపం పట్టిస్తుంది. వంగ సోదరి ఆవనూనె రాసి లేత ఎండలో ఉంచుతుంది. మలయాళీలది కొబ్బరినూనె. ఇట్టి పనులను శాస్త్ర విషయాలుగా భావించిన పండితులు అరుదు. అట్లు భావించిన అమెరికన్ మానవ శాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ (1901–1978)ను ఈ మాసం పాఠకులకు పరిచయం చేయదలచాము.

1936–39 మధ్య ఆమె, భర్త గ్రెగరీ బేట్సన్ బాలి ద్వీపంలో పనిచేశారు. ఆయన కెమెరా పట్టగా, ఆమె ఆ క్షణంలో జరుగుతున్నది వేళతో సహా వ్రాసుకొనేది. సుమారు 25,000 ఛాయాచిత్రాలు, 22,000 అడుగుల ఫిల్ము పోగయ్యాయి. వాటిలో 759 చిత్రాలతో 1942లో వారి గ్రంథం వెలువడింది. తల్లి బిడ్డను ఎత్తుకొనే తీరు, పాలిచ్చే తీరు, మురిపించి అంతలోనే ముఖం తిప్పుకొనే తీరు అందులో వరుస చిత్రాలుగా కనిపిస్తాయి. న్యూగినీలోని సెపిక్ నది, బాలి కొండపల్లె, అమెరికా స్నానాలగది – ఈ మూడు చోట్ల జరిగే శిశు స్నానాన్ని పోల్చిన ఆమె చలనచిత్రం 1950వ దశకంలో వచ్చింది.

1939 డిసెంబరులో ఆమెకు కుమార్తె జన్మించింది. నాటి అమెరికాలో గడియారం చూచి, నాలుగు గంటలకొకసారి పాలివ్వడమే నియమం. బిడ్డ ఆకలిగొన్నప్పుడే ఇస్తానని మీడ్ పట్టుబట్టింది. ఆమె ఎంచుకొన్న శిశువైద్యుడు బెంజమిన్ స్పాక్ అందుకు అంగీకరించాడు. శిశుపోషణపై ఆయన వ్రాసిన పుస్తకం 1946లో వెలువడి లోకప్రసిద్ధమైంది. మన అమ్మమ్మలకు ఇందులో వింత ఏముందో తోచదు!

ఆమె నిర్ణయాలన్నీ మాకు సమ్మతం కావు. ముఖ్యంగా బయుంగ్ గెడె అనే ఒక్క కొండ గ్రామాన్ని చూచి బాలి తల్లులందరి స్వభావాన్ని తేల్చడం సాహసమే. తల్లి ముఖం తిప్పుకొన్నదని కెమెరా చెప్పగలదు. ఎందుకు తిప్పుకొన్నదో ఆ తల్లినే అడగాలి. అయినా చిత్రాలు మిగిలాయి కనుకనే తరువాతివారు ఆమెతో వాదించగలిగారు.

మన కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన 1959లోనే, భారత్, ఫ్రాన్స్, జపాన్, కెనడాల రైతు కుటుంబాలలో ఏడాది బిడ్డల పెంపకాన్ని పోల్చే చిత్రం కెనడాలో తయారయింది. అందులో వ్యాఖ్యాత మీడే.

తెలుగు నేలపై ఇట్టి కృషికి సమీపమైనది హైమెన్‌డార్ఫ్ దంపతులది. 1940వ దశకంలో వారు ఆదిలాబాద్ ప్రాంతపు మార్లవాయిలో గోండుల నడుమ నివసించి, వారి జీవితాన్ని ఛాయాచిత్రాలలో నిలిపారు. 1987లో మరణించిన శ్రీమతి బెట్టీ సమాధి ఆ ఊళ్ళోనే ఉన్నది.

మన క్వార్టర్లలో కాళ్ళపై బిడ్డకు నీళ్ళు పోయగల పెద్దలు తగ్గిపోతున్నారు. మీ ఇంట అట్టివారుంటే, వారి అనుమతితో చిత్రం తీయండి. ఏ నూనె, ఎంత వేడినీరు, ఏమి పాడుతూ పోశారో వారినే అడిగి, దాని వెనుక వ్రాసిపెట్టండి.